పదకొండు సెకన్ల దొంగ

ఆ సోమవారం తెల్లవారుజామున వెర్లిన్ నైగార్డ్ మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. శనివారం మనవరాలు వస్తోంది. ఆ పిల్ల పడుకునే వెనకగది మంచం మీద నలభై మూడు జుకినీలు ఉన్నాయి. వాటిని ఎవరి కంటా పడకుండా ఊరికి పంచేసి మంచం ఖాళీ చెయ్యాలి. అంతే.

జుకినీ అంటే దోసకాయ అవుదామా, బీరకాయ అవుదామా అని తేల్చుకోలేక మధ్యలో ఆగిపోయిన కాయ. మూడు పాదులు పెడితే చాలు, ఆగస్టుకల్లా ఇల్లు ఆక్రమిస్తుంది. సాయంత్రం వేలంత ఉన్నది పొద్దున్నకి మోచేయంత అవుతుంది. మాస్టారి భార్య ఆర్డిస్ దానితో రొట్టె చేసింది, సూపు చేసింది, కేకు చేసింది, ఊరగాయ పెట్టింది, చివరికి చాక్లెట్ కలిపి ఏదో చేసి, అదేమిటో చెప్పకుండా వడ్డించింది. ఆదివారం భోజనాల దగ్గర మాత్రం గరిటె పక్కన పెట్టి, "ఇంకొక్క కాయ వంటింట్లోకొస్తే నేను మా చెల్లెలింటికి వెళ్ళిపోతాను," అంది. గొంతు పెంచలేదు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ గొంతు పెంచనప్పుడే మాస్టారికి భయం.

నార్డాల్ ఊళ్ళో ఇలాంటివి చేతికి ఇవ్వడానికి వీల్లేదు. ఇచ్చినదాన్ని వద్దనడం అక్కడ మర్యాద కాదు. తీసుకుని ఊరుకోవడం అంతకంటే మర్యాద కాదు. మీరు రెండు కాయలిస్తే, అవతలివాళ్ళు థాంక్స్ చెప్పి, లోపలికెళ్ళి, తమ పెరట్లోవి నాలుగు తెచ్చి మీ చేతిలో పెడతారు. అందుకని తెలివైనవాళ్ళు తెల్లారకముందే వెళ్ళి గుమ్మం ముందు పెట్టేసి చల్లగా జారుకుంటారు. తాళం వెయ్యని కార్ల వెనకసీట్లో పెట్టేసేవాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో ఎవరూ దేనికీ తాళం వెయ్యరు కాబట్టి ఇబ్బంది లేదు. అరవై ఏళ్ళుగా జరుగుతున్న భాగోతమే ఇది.

బయట సన్నగా వాన. చీకట్లో తన కోటు దొరక్క, మాస్టారు ఆర్డిస్ వానకోటు తొడుక్కున్నారు. దాని టోపీ ముక్కు దాకా దిగింది. కాయల్ని గోనెసంచిలో వేసి భుజానికెత్తుకున్నారు. ఒకటి మాత్రం మరీ పొడుగుగా ఉండి సంచిలో పట్టక, చేత్తో పట్టుకున్నారు. మొదటి ఇల్లు ఎదురింటి లవోన్‌ది. ఆవిడ భర్త పోయి ఆరేళ్ళు, కొడుకు ఎక్కడో ఫీనిక్స్‌లో ఉంటాడు. ఆర్డిస్‌కి నలభై ఏళ్ళ స్నేహితురాలు. మాస్టారు మెట్లెక్కి, అలవాటు ప్రకారం బూట్లు తుడుచుకుని, సంచి దించబోయారు. ఇంతలో కాలింగ్‌బెల్ దగ్గర నీలం దీపం వెలిగింది. "మీరు చేస్తున్నది రికార్డవుతోంది," అని ఒక మగగొంతు కఠినంగా అంది.

ఆయన ఒక్క ఉదుటున మెట్లు దూకి పారిపోయారు. చేతిలోని పొడుగు కాయ దారిలో ఎక్కడో పడిపోయింది. సంచి మాత్రం తిరిగి వెనకగదికే చేరింది. ఎందుకు పారిపోయారని తరవాత చాలామంది అడిగారు. ఆయన దగ్గరున్న జవాబు ఒక్కటే: ఆగితే లవోన్ లేచొచ్చి తన పెరట్లో కాయలు అంటగడుతుందని.

ఆ కెమెరా పోయిన నెలే ఫీనిక్స్ నుంచి పార్సిల్లో వచ్చింది. కొడుకు టీవీలో ఏదో చూసి, ఒంటరి తల్లి కోసం పంపించాడు. దాన్ని గోడకు బిగించడం వరకే లవోన్‌కు చేతనైంది. దాని బొమ్మల్ని తన ఫోనులో తెరిచి చూడటం రాదు. కాబట్టి అందులో పడిన దృశ్యం ముందు కొడుకు ఫోనుకే వెళ్ళింది. అతను అందులోంచి ముఖ్యమైన ముక్క, అంటే పదకొండు సెకన్లు, కత్తిరించి తల్లికి పంపి, ఊరివాళ్ళ ఫేస్‌బుక్ పేజీలో కూడా పెట్టాడు. ఏడున్నరకి లవోన్ తన ఫోను పట్టుకుని, ఇంటి చెప్పులతోనే రోడ్డు దాటి మాస్టారి వంటింట్లోకి వచ్చింది.

"నా గుమ్మంలోకి ఎవడో వచ్చాడే ఆర్డిస్. ముసుగేసుకున్నాడు. చేతిలో తుపాకీ ఉంది."

కార్న్‌ఫ్లేక్స్ తింటున్న మాస్టారు చెంచా దించి, అది నేనేనమ్మా అని చెప్పబోయారు. అంతలో ఫోను ముఖం ముందుకొచ్చింది. తెరమీద బూడిదరంగు చీకట్లో గుమ్మమంత ఎత్తున్న మనిషి. ముఖం లేదు. భుజాన మూట, చేతిలో పొడుగ్గా, నల్లగా గొట్టంలాంటిది. ఒక్క క్షణం తల వంచి నిలబడి, గిరుక్కున తిరిగి, మూడు మెట్లూ ఒక్క దూకులో దాటి మాయమయ్యాడు. మాస్టారి పొడుగు అయిదడుగుల ఆరంగుళాలు. వయసు డెబ్భై ఒకటి. ఆ కెమెరా కంటికి మనిషి ఎందుకలా కనబడ్డాడో దేవుడికే తెలియాలి.

"ఎలా దూకాడో చూడు, పులిలాగా," అంది ఆర్డిస్ గుండె మీద చెయ్యి వేసుకుని.

మాస్టారిని ఎవరూ పులితో పోల్చి చాలా కాలమైంది. నిజం మధ్యాహ్నం చెబుదాంలే అనుకున్నారు. ఆయన చేసిన తప్పేదైనా ఉంటే ఇదొక్కటే.

మధ్యాహ్నానికి పేజీలో మూడొందల వ్యాఖ్యలు పడ్డాయి. అది వేట తుపాకీ కాదు, సైన్యంలో వాడేది అని ఒకాయన తేల్చాడు. మూటలో ఉన్నది ఇంకెవరిదో దోచిన సొమ్మని ఒకావిడ తేల్చింది. తెల్లవారుజామున గుమ్మంలో మూటతో కనబడే మనిషి ఆగస్టులో ఎవరై ఉంటాడో ఒక్కరికీ తట్టలేదు. అరవై ఏళ్ళుగా అదే పని చేస్తున్న ఊరు ఒక్క పూటలో ఆ సంగతి మరిచిపోయింది. షెరిఫ్ ఆఫీసు నుంచి డిప్యూటీ బ్రాడీ వచ్చి, లవోన్ ఇంటి చుట్టూ పట్టపగలే టార్చిలైటుతో గాలించాడు. పొదకింద పడివున్న పొడుగు కాయను మూడుసార్లు దాటుకుంటూ వెళ్ళాడు. ఆ నెలలో ఆ ఊళ్ళో నేలమీద జుకినీ కనబడితే అది సాక్ష్యం కాదు, వాతావరణం.

సాయంత్రం పక్క పట్నం నుంచి టీవీవాళ్ళ వ్యాను వచ్చింది. కెల్సీ అనే విలేఖరి అమ్మాయి లవోన్ ఇంటి ముందు నిలబడి, ఈ ఊళ్ళో ఇక నిద్రలుండవని చెప్పింది. కింద పెద్దక్షరాలతో "ప్రశాంత పట్టణంలో సాయుధుడు?" అని వేశారు. చివర ప్రశ్నార్థకం పెట్టారు గానీ, చాలా టీవీల్లో అది తెర అంచుకు పోయి కనబడలేదు. ఆ తరవాత రిటైరైన పోలీసు అధికారి ఒకాయన కూర్చుని, మనిషి ఆరడుగుల రెండంగుళాలు, వయసు ముప్ఫై అయిదు లోపు, నడకలో శిక్షణ కనబడుతోందని విశ్లేషించాడు. సోఫాలో ఉన్న మాస్టారు తెలియకుండానే వెన్ను నిటారుగా పెట్టారు. పడుకోడానికి పైకి వెళ్ళేటప్పుడు మెట్ల కమ్మీ పట్టుకోలేదు.

ఆర్డిస్ మాత్రం సోఫాలోంచి లేవలేదు. పది నిమిషాలకొకసారి అదే పదకొండు సెకన్లు వేశారు. వాతావరణ వార్తల ముందూ వేశారు, వెనకా వేశారు. నలభైసార్లు చూసేసరికి, వచ్చినవాడు ఒక్కడే అన్న సంగతి ఆవిడ మనసు ఒప్పుకోవడం మానేసింది. ఆ రాత్రి ఆ ఇంటి తలుపుకి గడియ పడింది. తుప్పు పట్టి ఉండటం వల్ల మాస్టారే నూనె వేసి ఇవ్వాల్సి వచ్చింది.

నార్డాల్‌లో తుపాకీ కొత్త కాదు. నవంబరులో జింకల వేట మొదలైతే బడి సగం ఖాళీ. మాస్టారింట్లోనే నేలమాళిగలో ఇనప్పెట్టెలో వాళ్ళ నాన్న రైఫిల్ ఉంది. ఏడాదికి తొమ్మిది రోజులు బయటికొస్తుంది, నూనె పట్టించుకుని మళ్ళీ లోపలికెళుతుంది. ఆర్డిస్ దృష్టిలో అది కుట్టుమిషన్ లాంటిదే. పనున్నప్పుడు తీస్తారు, అయ్యాక మూత పెడతారు. సాటి మనిషికి భయపడి తుపాకీ కొనుక్కున్నవాళ్ళు మాత్రం ఆ ఊళ్ళో అప్పటిదాకా లేరు.

మంగళవారం ఆ కొరత తీరింది. చేపల ఎరలూ తుపాకులూ ఒకే కొట్లో అమ్మే డ్వేన్ దగ్గర, వానపాముల డబ్బాల పక్కనున్న పిస్తోళ్ళ అలమర మధ్యాహ్నానికి సగం ఖాళీ అయింది. కెల్సీ వచ్చి ఆ సగం ఖాళీ అలమర ముందు నిలబడి మాట్లాడింది. అది చూసి పక్క మూడూళ్ళ నుంచి జనం వచ్చి మిగతా సగం ఖాళీ చేశారు. అప్పుడు కెల్సీ మళ్ళీ వచ్చి ఒక్కటి తప్ప అంతా ఖాళీ అయిన అలమర చూపించింది. డ్వేన్ మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. "నేను ఒక్క మాట మాట్లాడలేదు మాస్టారూ. నా అలమరే మాట్లాడింది," అన్నాడు.

ఆ సాయంత్రం మాడిసన్ నుంచి కూతురు సిగ్రిడ్ ఫోన్ చేసింది. అక్కడ పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో నర్సు. ఆ పదకొండు సెకన్లు ఆమె ఫోనుకీ చేరాయి.

"నాన్నా, వాడు దొరికేదాకా మ్యారిట్‌ని పంపను. ఏమీ అనుకోకు."

మ్యారిట్‌కి తొమ్మిదేళ్ళు. ఏటా ఆగస్టులో రెండు వారాలు తాతగారి దగ్గర ఉంటుంది. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో చెక్కపని నేర్పిన మనిషి ఆయన. ఇప్పుడు మిగిలిన విద్యార్థి ఆ పిల్ల ఒక్కతే. పోయినేడు ఇద్దరూ కలిసి ఒక పడవ చేశారు, అది మునిగింది. ఈసారి మునగనిది చెయ్యాలని చలికాలమంతా కూర్చుని, పిల్ల ఎత్తుకు సరిపోయేలా పనిబల్ల కాళ్ళు కోసి ఉంచారు. ఏడాదిలో మిగతా యాభై వారాలూ ఆయన ఆ రెండు వారాల కోసమే గడుపుతారు. ఇక పులి వేషం చాలనిపించింది.

బుధవారం పొద్దున్నే షెరిఫ్ ఆఫీసుకి వెళ్ళి, బ్రాడీ ఎదురుగా కూర్చుని, వానకోటుతో సహా జరిగిందంతా చెప్పారు. బ్రాడీ శ్రద్ధగా విన్నాడు. రాసుకోలేదు. ఎనిమిదో తరగతిలో అతని చేత పక్షిగూడు చేయించింది మాస్టారే. విని, కాఫీ ఇచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరు భయపడుతోందని మీరు నెత్తినేసుకుంటున్నారు. మీ మనసు నాకు తెలుసు మాస్టారూ. కానీ వాడు ఆరడుగుల రెండంగుళాలు."

"ఎవరు కొలిచారయ్యా?"

"టీవీలో చెప్పారు కదండీ."

ఇంటికొచ్చేసరికి వంటింటి బల్ల మీద నల్లటి ప్లాస్టిక్ పెట్టె తెరిచి ఉంది. అందులో లేత ఊదారంగు పిడి ఉన్న పిస్తోలు. డ్వేన్ దగ్గర చివరిగా మిగిలినదట, ఆ రంగు చూసి ఎవరూ తీసుకోలేదట. ఆర్డిస్ దాన్ని చూస్తూ చేతులు కట్టుకుని కూర్చుంది. ఎలకల మందు కూడా మాస్టారి చేతే పెట్టించే మనిషి.

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చుని, అది నేనే అన్నారు. కాయలు పంచడానికి వెళ్ళానన్నారు. ఆర్డిస్ ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"వెర్లిన్, నువ్వు సోఫాలోంచి లేవాలంటే మూడుసార్లు ఊగుతావు. వాడు మూడు మెట్లు ఒక్కసారి దూకాడు."

"భయమేసి దూకానే."

"నాకు ధైర్యం చెప్పాలని చూస్తున్నావు. చెప్పక్కర్లేదు. నాకు ఇది ఉంది," అని పెట్టె మూసి, పడగ్గదిలోకి తీసుకెళ్ళి మంచం పక్క సొరుగులో పెట్టుకుంది.

ఆ సంగతి ఆర్డిసే సిగ్రిడ్‌కి గర్వంగా చెప్పింది. ఇక పిల్లకేం భయం లేదు, పంపించెయ్యమంది. సిగ్రిడ్ వెంటనే, కింద పెట్టెలో తాళం వేసిన రైఫిల్ సంగతి వేరు, మంచం పక్క సొరుగులో గుళ్ళు నింపిన పిస్తోలు వేరు అంది. "నేను పనిచేసేది ఎమర్జెన్సీలో అమ్మా. అలాంటి సొరుగులు తెరిచిన పిల్లల్ని చూశాను," అంది. దొంగ దొరికినా సరే, అది ఆ ఇంట్లో ఉన్నంతకాలం మ్యారిట్ రాదు. ఇలా పొద్దున్న ఒక్క అడ్డం ఉన్నచోట సాయంత్రానికి రెండయ్యాయి. రెండూ మాస్టారి పెరట్లోంచి మొలిచినవే.

గురువారం వ్యవహారం ఇంకో మెట్టెక్కింది. ఎవరో పెద్దాయన ఊరిని ఊరడించడానికి నేరం తన మీద వేసుకున్నాడని బ్రాడీ నోరు జారాడు. కెల్సీ దాన్ని పట్టుకుంది. పేరు చెప్పలేదు గానీ, రిటైరైన చెక్కపని మాస్టారు అంది. ఆ ఊళ్ళో అలాంటివాడు ఒక్కడే. "భయంతో మతి చెదురుతున్న వృద్ధులు" అని తెరమీద వేశారు. ఈసారి ప్రశ్నార్థకం కూడా లేదు.

మధ్యాహ్నం నుంచి పరామర్శలు మొదలయ్యాయి. ఆ ఊళ్ళో కష్టమొచ్చిన ఇంటికి ఎవరూ ఖాళీ చేతులతో రారు. రేకు కాగితం కప్పిన వేడివేడి పళ్ళాలు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చి, మాస్టారితో గట్టిగా, నెమ్మదిగా, చెవిటివాడితో మాట్లాడినట్టు మాట్లాడి వెళ్ళారు. ఆయన ప్రతివాళ్ళకీ అది నేనేనని చెప్పారు. ప్రతివాళ్ళూ అవునవునంటూ ఆయన చెయ్యి తట్టారు. మొత్తం తొమ్మిది పళ్ళాలు. తొమ్మిదింటిలోనూ ఉన్నది జుకినీయే. చర్చి పాస్టరుగారి భార్య తెచ్చినదాంట్లో అది రెండు పొరలుగా ఉంది.

మాస్టారు జన్మలో ఎవరి మీదా కోప్పడని మనిషి. శుక్రవారం పొద్దున్న ఆయనకు కోపమొచ్చింది. బ్రాడీకి ఫోన్ చేసి రమ్మన్నారు. ఆర్డిస్‌ని వెంటబెట్టుకుని లవోన్ ఇంటికెళ్ళి, "నీ ఫోనులో ఈ ముక్కకు ముందు ఏముందో చూపించు," అన్నారు. లవోన్‌కి ఆ ముందు అనేది ఒకటుందనే తెలియదు. కొడుకు పంపిందే చూసింది, తరవాత టీవీవాళ్ళు వేసిందే చూసింది.

"నువ్వు మొత్తం చూడలేదా?" అని మాస్టారు బ్రాడీని అడిగారు.

"టీవీలో వేస్తున్నారు కదా అని..." అన్నాడు బ్రాడీ. అని, ఎనిమిదో తరగతి పిల్లాడిలా తల వంచుకుని లవోన్ ఫోను తీసుకుని కెమెరా యాప్‌లో వెతికాడు. అసలు దృశ్యం నిడివి ఇరవై సెకన్లు. నలుగురూ తలలు దగ్గర పెట్టి చూశారు.

ముసుగు మనిషి మెట్లెక్కాడు. మ్యాట్ మీద నిలబడ్డాడు. ఎడమ బూటు తుడుచుకున్నాడు. కుడి బూటు తుడుచుకున్నాడు. వంగి మడమ దగ్గరున్న బురద చూసుకుని మళ్ళీ ఎడమ బూటు తుడుచుకున్నాడు. వంకరైన మ్యాట్‌ని కాలివేలితో జాగ్రత్తగా సరిచేశాడు. అక్కడి నుంచి మొదలయ్యాయి ఆ పదకొండు సెకన్లు.

దోచుకోవడానికి వచ్చినవాడు మ్యాట్ సరిచెయ్యడని అందరికీ ఒక్కసారే తోచింది. బ్రాడీ బయటికెళ్ళి, పొదకింద వెతికి, నాలుగు రోజులుగా దాటుకుంటూ తిరిగిన పొడుగు కాయను రెండు చేతులతో తెచ్చి బల్లమీద పెట్టాడు. లవోన్ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఆర్డిస్ నవ్వలేదు.

"నలభై ఆరేళ్ళుగా చెప్తున్నాను, లోపలికొచ్చేటప్పుడు బూట్లు తుడుచుకోమని. ఒక్కరోజు తుడుచుకున్నావా? దీని ఇంటికైతే రెండు కాళ్ళూ, మూడుసార్లూనా?"

మాస్టారు బల్లమీది పొడుగు కాయను చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టారు. దొంగ కాదని నిరూపించుకున్న పది నిమిషాలకే ఇంతకంటే పెద్ద నేరంలో దొరికిపోయారు.

కబురు గంటలో ఊరంతా పాకింది. కెల్సీ ఫోన్ చేసి, ఆయుధం అనుకున్నది కూరగాయేనా అని రెండుసార్లు అడిగి, వీలైతే వేస్తామంది. ఆ రాత్రి వార్తల్లో జిల్లా సంత పందుల పోటీ తరవాత తొమ్మిది సెకన్లు వేశారు. అప్పటికి చాలామంది టీవీ కట్టేశారు. చూస్తున్నవాళ్ళకి కూడా చివర, "ఏదేమైనా, మీ జాగ్రత్తలో మీరుండండి," అని చెప్పారు. డ్వేన్ కొట్టుకి ఒక్క పిస్తోలూ తిరిగి రాలేదు. ఈసారి జుకినీ అయింది, వచ్చేసారి కాకపోతేనో అన్నారట.

మాస్టారు మాత్రం గెలిచినవాడిలా సిగ్రిడ్‌కి ఫోన్ చేశారు. కూతురు కూడా లవోన్ లాగే నవ్వింది. నవ్వి, సరే, దొంగ గొడవ తీరింది, సొరుగులోది ఎక్కడుంది అంది. సొరుగులోనే ఉంది. శనివారం ఎనిమిదింటికి బయల్దేరాలనుకుంటున్నాననీ, బయల్దేరేముందు మళ్ళీ ఫోన్ చేస్తాననీ, అప్పటికి అది ఇంట్లో ఉంటే కారు కదలదనీ చెప్పి పెట్టేసింది.

మాస్టారు ఆర్డిస్‌ని బతిమాలారు. వచ్చింది నేనేనని నీ కళ్ళతో చూశావు కదా, ఇంకా అది దేనికన్నారు. ఆర్డిస్ అంట్లగుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది.

"నువ్వేనని నాకు తెలుసు వెర్లిన్. కానీ కళ్ళు మూసుకుంటే నువ్వు కనబడవు. వాడే కనబడతాడు."

ఆ మాటకి మాస్టారికి బాధ కలిగింది. భార్యను నలభైసార్లు భయపెట్టినవాడు తన బూట్లే వేసుకుని, తన ఇంట్లోనే తిరుగుతున్నాడు. వాణ్ణి బయటికి పంపడం తన వల్ల కావడం లేదు. కోసి పెట్టిన బల్ల కాళ్ళు గుర్తొచ్చాయి. వెళ్ళి పడుకున్నారు.

శనివారం అయిదు దాటింది. కిటికీలో వెలుతురు అప్పుడప్పుడే బూడిదరంగుకి తిరుగుతోంది. ముందు గుమ్మం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మాస్టారు కళ్ళు తెరిచేసరికి పక్కన సొరుగు లాగిన శబ్దం. ఆర్డిస్ అప్పటికే లేచింది. "వద్దు," అన్నారాయన. ఆవిడ గది దాటిపోయింది. మూడుసార్లు ఊగకుండా ఒక్కసారే లేచి, మెట్లు దిగి హాల్లోకి ఆవిడ వెనకే వెళ్ళారు.

తలుపు అద్దం మసకగా ఉంటుంది. దాని అవతల ఒక ఆకారం నిలబడి ఉంది. తలమీద ముసుగు. చేతిలో పొడుగ్గా, నల్లగా ఏదో. ఆర్డిస్ రాత్రిగౌనులో, డ్వేన్ నేర్పినట్టు రెండు చేతులతో ఆ లేత ఊదా పిడి పట్టుకుని నిలబడింది. గొట్టం అద్దం వైపే ఉంది. ఆకారం ఒక అడుగు ముందుకు వేసింది. మాస్టారు ఆవిడ మోచేతి మీద చెయ్యి వేశారు. ఆవిడకది తెలిసినట్టు లేదు.

అప్పుడు బయట చప్పుడైంది. చర్రు, చర్రు. కాసేపాగి, ఇంకొకటి, చర్రు. తరవాత మ్యాట్ సర్దిన చిన్న చప్పుడు.

ఆర్డిస్ చేతులు కిందికి దిగాయి.

"లవోన్," అంది గుసగుసగా. "నలభై ఏళ్ళుగా వింటున్నాను ఆ చప్పుడు."

బయట ఏదో బరువుగా దించిన శబ్దం, ఆపుకోలేని చిన్న నవ్వు, మెట్లు దిగుతున్న అడుగులు. ఆర్డిస్ హాల్లోని మెట్ల మీద కూలబడింది. మాస్టారు ఆవిడ చేతిలోది మెల్లగా తీసి, గుళ్ళు బయటికి తీసి, బల్లమీద పెట్టి పక్కన కూర్చున్నారు.

"అది కాళ్ళు తుడుచుకోకపోతే?" అంది ఆర్డిస్.

వెలుతురొచ్చాక ఆవిడ లేచి, గౌను మీదే కోటు తొడుక్కుని, పెట్టె పట్టుకుంది. నేను తీసుకెళతానన్నా వినలేదు. వెనక తలుపు తీసుకుని, తన కారులో తానే వెళ్ళి, ఆఫీసు తాళం తీస్తున్న బ్రాడీ చేతిలో పెట్టి, మళ్ళీ తనకు ఇవ్వొద్దని చెప్పి వచ్చింది. ఎనిమిదింటికి ఫోన్ మోగితే ఆవిడే తీసింది.

"ఉందా, లేదా?" అంది సిగ్రిడ్.

"లేదు. బ్రాడీ బీరువాలో ఉంది. తాళం వాడి దగ్గరే."

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. అందుకే ఇచ్చేశాను."

కారు స్టార్టయిన చప్పుడు ఫోనులోనే వినబడింది. వెనకసీట్లోంచి మ్యారిట్, ఈసారి పడవ మునగకూడదని తాతకి చెప్పమంది. మాస్టారు ఆ మాట విని వంటింట్లో అటు తిరిగి, కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

తరవాత ఇద్దరూ ముందు తలుపు తీశారు. పడవలసిన శిక్ష పడింది. లవోన్ ఒక్కతే కాదు, తెల్లవారుజామున వీధి వీధంతా వచ్చి వెళ్ళినట్టుంది. గుమ్మం ముందు, మెట్ల మీద, పూలకుండీల మధ్య, మాస్టారి కారు వెనకసీట్లో, అంతా కలిపి అరవై ఒక్క జుకినీలు. ఒకదానికి ఎవరో చిన్న ముసుగు కూడా కుట్టి తొడిగారు. ఆర్డిస్ ఆ వారంలో మొదటిసారి నవ్వింది. మాస్టారు వాటిని చేతులనిండా ఎత్తుకుని లోపలికి రాబోయి, గుమ్మం దగ్గర ఆగి, భార్య చూస్తుండగా రెండు బూట్లూ తుడుచుకున్నారు.

మ్యారిట్ మధ్యాహ్నం దిగింది, రెండు వారాలూ ఉంది. పడవ మునగలేదు. పిల్ల మాత్రం అన్నాళ్ళూ హాల్లో సోఫా మీదే పడుకుంది, ఎందుకంటే వెనకగది మంచం మీద, తోటలోవి కాక, నూట నాలుగు జుకినీలు ఉన్నాయి.